చెక్కు ఎవరి పేరున వచ్చింది?

(కౌలు రైతుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



అసమానత మాట ఎత్తగానే మన దగ్గర కులమా, వర్గమా అని వాదన మొదలవుతుంది. అమెరికాలో అదే వాదన జాతా, వర్గమా అని నడుస్తుంది. అక్కడి అర్కన్సా రాష్ట్రంలో పత్తి చేలల్లో అది ఎలా తేలిందో చెబుతాను. పత్తి కష్టం మీకు వేరే చెప్పక్కర్లేదు కదా.

1933లో పత్తి ధర అడుగంటి ఉంది. పంట తగ్గితే ధర లేస్తుందని, చేలో ఉన్న పత్తిని దున్నేస్తే పరిహారం ఇస్తామని రూజ్వెల్ట్ ప్రభుత్వం ప్రకటించింది. కోటి ఎకరాల దాకా దున్నేశారు. చెక్కు భూస్వామి పేరున వచ్చింది. పాలుకు చేసే కౌలుదారుకు వాటా ఇవ్వాలని కాగితం మీద ఉంది గాని, ఇచ్చినవాళ్లు తక్కువ. పైగా సాగు తగ్గింది గనక ఇల్లు ఖాళీ చేయమన్నారు. కౌలుదారుల పక్షాన నిబంధన బిగించబోయిన ప్రభుత్వ న్యాయవాదుల ఉద్యోగాలే 1935 ఫిబ్రవరిలో ఊడాయి.

ఆ కౌలుదారుల్లో నల్లవాళ్లూ ఉన్నారు, తెల్లవాళ్లూ ఉన్నారు. ఇద్దరి అప్పూ భూస్వామి ఖాతా పుస్తకంలోనే. అయినా ఒక బల్ల మీద కూర్చోరు.

1934 జులైలో టైరోంజా ఊరి దగ్గర ఒక బడిలో 11 మంది తెల్లవాళ్లు, ఏడుగురు నల్లవాళ్లు కూర్చున్నారు. ఒక సంఘమా, రెండా? 1919లో అదే రాష్ట్రంలో ఎలైన్ దగ్గర నల్లజాతి రైతులు తమ పత్తికి న్యాయమైన ధర కోసం సంఘం పెట్టుకుంటే ఊచకోత కోశారు. చచ్చినవారి లెక్క నేటికీ తేలలేదు. ఆ సంఘంలో ఉండి బతికిన పెద్దాయన ఒకరు ఈ సమావేశానికి వచ్చారు. ఒకే సంఘం కావాలన్నది ఆయనే. దక్షిణాది కౌలు రైతుల సంఘం అలా పుట్టింది. కార్యదర్శి మిచెల్‌ది డ్రైక్లీనింగ్ షాపు (రైతు సంఘాల్లో ఇలాంటివాళ్లు ఎప్పుడూ ఉంటారు!). ఉపాధ్యక్షుడు మెకిన్నీ నల్లజాతి పాస్టరు. 1935లో పత్తితీత సమ్మె చేసి చాలాచోట్ల కూలి పెంచుకున్నారు. అంతా సవ్యంగా సాగిందని మాత్రం అనను. చాలా ఊళ్లలో రెండు జాతుల శాఖలూ విడివిడిగానే నడిచాయి.

అక్కడ 1920లో 9 లక్షలు దాటి ఉన్న నల్లజాతి రైతులు ఇప్పుడు 50 వేల మంది కూడా లేరు. ప్రభుత్వ రుణాల్లో చూపిన వివక్ష అందుకు ఒక కారణం. 2021లో వాళ్లకూ, మరికొన్ని జాతుల రైతులకూ సుమారు 400 కోట్ల డాలర్ల రుణమాఫీ ప్రకటిస్తే తెల్ల రైతులు కోర్టుకెళ్లారు. మాఫీ ఆగింది. మరుసటి ఏడు ఆ నిబంధననే రద్దు చేశారు.

మనకూ ఇలాంటి తగువు వచ్చింది. ఆంధ్రాలో 2019 నాటి రైతు భరోసా కౌలుదారుల్లో ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీలకే అన్నారు. ఓసీ కౌలుదారు నేనేం పాపం చేశానన్నాడు. టీ కొట్ల దగ్గర ఎంత వాదించుకున్నాం! ఇంతకీ దళిత కౌలుదారులు ఎందరికి అందింది? కార్డు కావాలి, కార్డుకు యజమాని ఒప్పుకోవాలి, ఆయన సంతకం పెట్టడు. తెలంగాణ రైతుబంధులోనైతే కౌలుదారుకు చోటే లేకపోయింది, సొమ్ము పట్టాదారుకే వెళ్లింది.

అందుకని ఈ నెల అర్జీలో ఒకటే కోరిక రాద్దాం: యజమాని సంతకంతో పనిలేకుండా కార్డు ఇవ్వాలని. అన్ని కులాల కౌలుదారులూ ఒకే కాగితం మీద సంతకం చేయాలి. సంతకాలు దళితవాడ నుంచి మొదలుపెట్టండి. కార్డు అడిగినందుకు కౌలు పోగొట్టుకున్నవాళ్లు ముందు దొరికేది అక్కడే. వాళ్ల పేర్లు పైన రాయండి.