పని తక్కువ నెలల్లో కాగితాలు సరిచేసుకుందాం



మన కాఫీ పళ్ల కోత నవంబరులో మొదలై జనవరి, ఫిబ్రవరికి అయిపోద్ది. తర్వాత వానలు పడేదాకా పని తక్కువ. కోతల్లో ఆఫీసు చుట్టూ తిరిగితే కూలి పోద్ది, ఇప్పుడైతే పోదు. ఇంటర్, డిగ్రీ చదివి ఉద్యోగం వెతుకుతున్న మన పిల్లల కాగితాలు ఇప్పుడే చూడండి. ఆధార్‌లో ఒక పేరు, టెన్త్ సర్టిఫికెట్‌లో ఇంకో పేరు ఉంటే సరిచేయించండి. కుల ధృవీకరణ పత్రం తీసి పెట్టండి. నోటిఫికేషన్ వచ్చాక కొండ దిగితే గడువు దాటిపోద్ది.

2014లో వచ్చిన దీనదయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజనలో శిక్షణ ఉచితం. ఆడవాళ్లకు 45 ఏళ్ల దాకా అవకాశం ఉంది. అంటే పిల్లలకే కాదు, మనకీ ఉంది. వచ్చే మీటింగుకి ఎవరికి ఏ కాగితం లేదో ప్రతి సంఘం రాసుకు రండి. సెలవు.