కారు బ్యాటరీ పూర్తిగా డౌనైతే ఏం చేయాలి?

(సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించి, వైద్య బిల్లుల గురించి మాట్లాడటానికి మనలో ఉద్దండులున్నారు. నాకు తెలిసింది బస్సుల గ్యారేజీలో ఎలక్ట్రికల్ సెక్షన్ ఒక్కటే. ముప్పయ్యేళ్ళు బ్యాటరీల మధ్యనే గడిపాను. అలాంటి నాకే ఒక రాత్రి జరిగిన పరాభవం చెప్పి, దానివల్ల తెలిసిన నాలుగు ముక్కలు మనవి చేస్తాను.

గత సంక్రాంతికి మేమిద్దరం విజయవాడలో మా అమ్మాయి ఇంటికి వెళ్ళి మూడు వారాలుండి వచ్చాం. వచ్చిన రాత్రే, రెండు గంటల వేళ, మా ఆవిడకు గుండె పట్టేసినట్లయింది. ఒళ్ళంతా చెమట. నేను కారు దగ్గరికి పరుగెత్తాను. రిమోట్ నొక్కితే తలుపు తెరుచుకోలేదు. తాళంచెవితో తెరిచి ఇగ్నిషన్ తిప్పితే, సెల్ఫ్ మాట అటుంచి, ఒక్క లైటు కూడా వెలగలేదు. ఊరెళ్ళేటప్పుడు లోపలి దీపం ఆర్పడం మరిచామని తరవాత తెలిసింది.

అప్పుడు నేను చేసిన పని ఏమిటి? పాత అలవాటు! ఇరుగుపొరుగును లేపి, "కాస్త తోయండి బాబూ" అన్నాను. సెకండ్ గేరు వేసి, క్లచ్ వదిలి, వీధి చివరిదాకా రెండుసార్లు తోయించాను. ఇంజను ఉలకలేదు, పలకలేదు. చివరికి ఎదురింటి కుర్రాడు, "తాతగారూ, 108కి ఫోన్ చేశాను, వస్తోంది" అన్నాడు. ఆవిడ దక్కింది. కానీ ఆసుపత్రిలో డాక్టరుగారు "నొప్పి ఎన్నింటికి మొదలైంది?" అని అడిగినప్పుడు లెక్క చూసుకుంటే, ఇరవై అయిదు నిమిషాలు నా తోపుడుకే ఖర్చయ్యాయి.

కాబట్టి మొదటి మాట. ప్రాణం మీదికి వచ్చినప్పుడు కారును మరిచిపోండి. 2005 నుంచీ మనకు 108 ఉంది. ముందు ఆ నంబరు తిప్పండి. బ్యాటరీని తెల్లవారాక చూసుకోవచ్చు.

ఇక, తోస్తే ఎందుకు స్టార్టు కాలేదు? మన రోజుల్లో అంబాసిడర్‌కో, ఫియట్‌కో ముందు హ్యాండిల్ వేసి తిప్పేవాళ్ళం. పాత బళ్ళలో డైనమో ఉండేది. అది తిరిగితే తనంతట తానే కరెంటు పుట్టించుకునేది. పెట్రోలు పంపు ఇంజను చలనంతోనే నడిచేది. ఇప్పటి కార్లలో ఉన్నది ఆల్టర్నేటర్. అది పని మొదలుపెట్టడానికి బ్యాటరీ నుంచి కాస్త కరెంటు కావాలి. పెట్రోలు పంపుకూ, ఇంజనును నడిపే కంప్యూటరుకూ కూడా కరెంటే ఆధారం. బ్యాటరీలో కొంత ప్రాణముంటే తోసినప్పుడు అందుకోవచ్చు. పూర్తిగా డౌనైతే ఊరంతా కలిసి తోసినా లాభం లేదు. ఆటోమేటిక్ గేర్ల కారును తోసి స్టార్టు చేయడమన్నది అసలే లేదు. పైగా ఇంజను ఆగి ఉన్నప్పుడు బ్రేకూ స్టీరింగూ బిగుసుకుపోతాయి. మన వయసులో అది ప్రమాదం.

మంచి బ్యాటరీ నిండుగా ఉంటే 12.6 వోల్టులు చూపుతుంది. 12కు దిగితే పావువంతే మిగిలినట్లు. 10.5 కంటే కిందికి పోతే ఖాళీ. అటువంటిదానికి మరో కారు నుంచి కరెంటు ఇచ్చే పద్ధతి ఇది.

రెండో కారు కూడా 12 వోల్టులదే కావాలి. 24 వోల్టుల లారీని పిలవకండి. రెండు కార్లూ ఒకదానికొకటి తగలకూడదు. రెండింటిలోనూ ఇంజను, లైట్లు, ఏ.సి. ఆపండి. బ్యాటరీ ఉబ్బినా, పగిలినా, కారుతున్నా దాని జోలికి పోవద్దు. కేబుళ్ళు మందంగా ఉండాలి. సన్నవి వేడెక్కుతాయి.

ఎర్ర కేబులు ఒక క్లిప్పును డౌనైన బ్యాటరీ ప్లస్‌కు, రెండోదాన్ని మంచి బ్యాటరీ ప్లస్‌కు పెట్టండి. నల్ల కేబులు ఒక క్లిప్పు మంచి బ్యాటరీ మైనస్‌కు. ఆఖరి క్లిప్పు మాత్రం డౌనైన బ్యాటరీకి కాదు. ఆ కారు ఇంజనులో రంగు లేని ఇనుప భాగానికి, బ్యాటరీకి దూరంగా పెట్టాలి. ఎందుకంటే ఆఖరి క్లిప్పు దగ్గర నిప్పురవ్వ లేస్తుంది. బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వాయువు వస్తుంది. దానికి రంగూ వాసనా లేవు, రవ్వ తగిలితే పేలుతుంది. మా గ్యారేజీలో ఒక కుర్రవాడు ఇలాగే వంగి చూస్తుండగా బ్యాటరీ పేలి యాసిడ్ కళ్ళలో పడింది. వెంటనే పంపు కింద తల పెట్టించి ఆపకుండా నీళ్ళు పోయబట్టి చూపు దక్కింది. కనుక ముఖం దూరంగా ఉంచండి, అగ్గిపుల్ల గీయకండి.

ఇప్పుడు మంచి కారును స్టార్టు చేసి, పది నిమిషాలు ఆగండి. అందరూ తప్పేది ఇక్కడే. సెల్ఫ్ మోటారుకు వంద ఆంపియర్లు దాటి కావాలి. పూర్తిగా ఖాళీ అయిన బ్యాటరీకి కాస్త మేత పడకుండా తిప్పితే భారమంతా కేబుళ్ళ మీదే పడుతుంది. పది నిమిషాల తరవాత సెల్ఫ్ కొట్టండి, అయిదు సెకండ్లకు మించి వద్దు. అందుకోకపోతే అర నిమిషం ఆగి మళ్ళీ. మూడు నాలుగు సార్లకు కాకపోతే మెకానిక్కును పిలవండి. ఇంజను అందుకున్నాక పెట్టిన వరసకు తలకిందులుగా కేబుళ్ళు తీయండి. మీ కారుతో ఇచ్చిన పుస్తకం వేరుగా చెబితే ఆ పుస్తకమే ప్రమాణం.

స్టార్టయింది కదా అని వెంటనే ఆపకండి. కనీసం అరగంట నడపండి. అయినా అడుగంటిన బ్యాటరీ అంతటితో నిండదు. బ్యాటరీ షాపులో ఇచ్చి రాత్రంతా నెమ్మదిగా ఛార్జి చేయించండి. చాలాకాలం ఖాళీగా ఉన్న ప్లేట్ల మీద సల్ఫేటు గట్టిపడి బ్యాటరీ శక్తి శాశ్వతంగా తగ్గుతుంది.

మనలో చాలామంది కార్లు పిల్లలు వచ్చినప్పుడే కదులుతాయి. నిలిపిన కారులో కూడా గడియారం, అలారం కొంత కొంత కరెంటు తాగుతూనే ఉంటాయి. వారానికొకసారి అరగంట నడపండి. వారాల తరబడి ఊరికి పోతుంటే మెకానిక్కు చేత మైనస్ టెర్మినల్ విప్పించండి. మన ఎండలకు బ్యాటరీ ఆయుష్షు తగ్గుతుంది. మూడేళ్ళు దాటితే ఏటా పరీక్ష చేయించండి.

మా ఆవిడ ఇక్కడే ముందు వరసలో కూర్చుని ఉంది. ఇప్పుడు ఊరికి బయల్దేరే ముందు కారు లోపలి దీపం చూసేది ఆవిడే. ముప్పయ్యేళ్ళ అనుభవం ఉన్నవాడిని నేను, చూసేది మాత్రం ఆవిడ! ఆ నమ్మకం నాకు మళ్ళీ రావాలంటే ఇంకా కొన్నాళ్ళు పడుతుంది.