నాటు వేసే చేతికి పేరుండాలి

(సంఘం మండల మహాసభలో చేసిన ప్రసంగ పాఠం)



మద్దతు ధర గురించి, యూరియా గురించి నా ముందు మాట్లాడినవాళ్లు చెప్పారు. నేను ఒక్క ప్రశ్న అడుగుతాను. ఇవాళ మన మడిలో నాటు వేస్తున్నది ఎవరు?

ఒకప్పుడు ఊరి ఆడవాళ్లే జట్టుగా కూడి నాట్లు వేసేవాళ్లు. తర్వాత నీళ్లు పెరిగాయి, వరి పెరిగింది. అందరి నాట్లూ ఒకే ఇరవై రోజుల్లో పడాలి. మన పిల్లలు హైదరాబాద్‌కో, దుబాయ్‌కో పోయారు. ఇప్పుడు బీహార్ నుంచి, యూపీ నుంచి, బెంగాల్ నుంచి ముఠాలు వస్తున్నాయి. నారు పీకేది, మోసేది, నాటేది అంతా వాళ్లే. పోయిన వానాకాలం ఎకరాకు నాలుగున్నర వేల గుత్తకు పన్నెండు మంది నా మూడెకరాలు ఒక్కరోజులో నాటేశారు.

ఆ రోజే నారు కట్ట మోస్తున్న ఒక పిల్లవాడిని ఒడ్డు మీద పాము కరిచింది. బండి మీద దవాఖానకు తీసుకుపోయాను. చీటీ రాసేచోట పేరు, వయసు, ఊరు అడిగారు. నా దగ్గర జవాబు లేదు. పొద్దటి నుంచి నేను వాడిని 'భయ్యా' అనే పిలిచాను. మేస్త్రికి ఫోన్ చేస్తే ఎత్తలేదు. దేవుడి దయ, పిల్లవాడు బతికాడు. చనిపోతే ఎవరికి చెప్పేవాణ్ని? ఏ ఊరికి పంపేవాణ్ని? ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎకరాకు ఐదు వందలు మేస్త్రి కోసుకుంటాడని కూడా దవాఖానలోనే తెలిసింది.

ఈ బాధ మనకు తెలియనిది కాదు. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ ఇళ్లలో గల్ఫ్ నుంచి వచ్చే పెట్టె కోసం ఎదురుచూసిన తల్లులున్నారు. అక్కడ సేటు పాస్‌పోర్టు గుంజుకుంటే మనకు కడుపు మండుతుంది. ఏళ్ల తరబడి అడగ్గా అడగ్గా, గల్ఫ్‌లో చనిపోయినవాళ్ల కుటుంబాలకు 5 లక్షల సాయం 2024లో వచ్చింది. మన బిడ్డకు అక్కడ ఏది కావాలని అడుగుతున్నామో, వాళ్ల బిడ్డకు ఇక్కడ అది ఇవ్వాలా వద్దా?

వాళ్లు లేకపోతే ఏమవుతుందో 2020లో చూశాం. మే 1న దేశంలోనే మొదటి శ్రామిక్ రైలు లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు పోయింది. వారానికే, మే 8న, బీహార్‌లోని ఖగరియా నుంచి 222 మందితో ఇంకో రైలు అదే లింగంపల్లికి వచ్చింది. ఎందుకు? మన రైస్ మిల్లుల్లో హమాలీలు లేక.

చట్టం లేదా అంటే, ఉంది. 1979 నాటి చట్టం ఐదుగురు వలస కూలీలున్నచోట వర్తించేది. కాంట్రాక్టరుకు లైసెన్సు ఉండాలి, కూలీకి పాస్‌బుక్ ఇవ్వాలి, దారి ఖర్చులివ్వాలి అని అందులో రాశారు. 2020 కోడ్‌లో ఐదును పది చేశారు. కాగితం మీద ఏముంటే ఏమిటి, మడి దగ్గరికి వచ్చి మేస్త్రిని లైసెన్సు అడిగిన అధికారిని నేను ఇంతవరకు చూడలేదు.

ఇక్కడ కూర్చున్న అక్కలు ఒక మాట అంటున్నారు: "వాళ్లొచ్చి మా కూలి పోయింది." అది అబద్ధం కాదు. కానీ అక్కా, తప్పు నాటు వేసేవాడిది కాదు. చవకగా వస్తారని వాళ్లను పిలిచే మనది, మధ్యలో తినే మేస్త్రిది. ముందు ఊరి జట్టును పిలవాలి. చాలకపోతేనే బయటివాళ్లను పిలవాలి. ఇద్దరికీ ఒకటే రేటు ఉండాలి. రేటు ఒకటైతే ఎవరి కూలి మీదా ఎవరూ దెబ్బ కొట్టలేరు.

కూలి పెంచితే రైతు చావాలా అని కొందరు అడుగుతారు. కూలోడి కడుపు కొట్టి రైతు బాగుపడిన ఊరు నాకు తెలియదు. 2025-26కు సాధారణ రకం వడ్లకు క్వింటాలు 2,369 రూపాయలన్నారు. అందులో సొంత భూమికి కౌలు, సొంత పెట్టుబడికి వడ్డీ కట్టలేదు. సీ2 మీద యాభై శాతం కలిపి ఇమ్మని కొట్లాడదాం. ఆ పోరాటం ఢిల్లీతో, ఖగరియా పిల్లవాడితో కాదు.

అందుకే ఈ సభ ముందు నాలుగు మాటలు పెడుతున్నాను.

ఒకటి, ముఠా ఊళ్లోకి రాగానే ప్రతి ఒక్కరి పేరు, ఊరు, ఇంటి ఫోన్ నంబరు పంచాయతీలో రాయించాలి. మేస్త్రిది కూడా.

రెండు, గుత్త రేటు అందరి ముందు చెప్పాలి. పైసలు కూలీల ముందే లెక్కపెట్టి ఇవ్వాలి.

మూడు, ఒకే దేశం ఒకే రేషన్ కింద వాళ్ల కార్డుకు ఇక్కడా బియ్యం వస్తాయి. ఆ సంగతి వాళ్లకూ, డీలరుకూ మనమే చెప్పాలి.

నాలుగు, మడిలో పనిచేసే వలస కూలీకి ప్రమాద బీమా పెట్టమని ప్రభుత్వాన్ని అడగాలి.

మొదటి మూడింటికి ఏ మంత్రీ అక్కరలేదు. ఒక నోటుబుక్కు చాలు. నేను కొన్నాను. మొదటి పేజీలో ఆ పిల్లవాడి పేరుంది, వాళ్లమ్మ ఫోన్ నంబరుంది. ఈ యాసంగి నాట్లకు ముందే మీరూ ఒకటి కొనండి.