చావు ఎటూ తప్పదు - అయితే రాజీ ఎందుకు పడాలి?

(డిసెంబరు 6 సంస్మరణ సభలో చేసిన ప్రసంగానికి రాత రూపం)



పుట్టినవాడు గిట్టక తప్పదనే మాట మనకి ఒకళ్ళు నేర్పక్కర్లేదు. ఊళ్ళో ఎవరి ప్రాణం పోయినా ముందు తెలిసేది మన పేటకే. చావు కబురు మోసుకుని ఊళ్ళు తిరిగింది మన తాతలు. డప్పు కొట్టింది మనవాళ్ళు, గొయ్యి తీసింది మనవాళ్ళు, కాట్లో కట్టెలు పేర్చింది మనవాళ్ళు. చచ్చిన గొడ్డుని లాగింది కూడా మనవాళ్ళే. చావుతో ఇంత దగ్గర చుట్టరికం ఈ దేశంలో ఇంకెవరికుంది? అందుకని చావు గురించి నాలుగు మాటలు చెప్పే హక్కు ఎవరికన్నా ఉంటే మనకుండాలి. కానీ చెప్పేది వాళ్ళయ్యారు, వినేది మనమయ్యాం.

వాళ్ళేం చెబుతారు? ఈ బతుకు నీటిబుడగ అంటారు. మూణ్ణాళ్ళ ముచ్చట అంటారు. పోయేటప్పుడు ఎవడూ ఏదీ పట్టుకుపోడంటారు. పురాణం అయిపోగానే ఇంటికెళ్ళి, పొద్దున్నే పొలం గట్టు ఒక జానెడు మన వైపుకి జరుపుతారు! (నవ్వులు)

నవ్వులాటకి చెప్పడం లేదు. ఈ వేదాంతం పుస్తకాల్లో పడుంటే మనకేం నష్టం లేదు. అది మన మీదకి ఎప్పుడొస్తుందో చూడండి. మన వాడెవడో దెబ్బలు తిని చచ్చిపోతాడు. శవం ఇంకా గుమ్మంలోనే ఉంటుంది. అప్పుడు పెద్దమనుషులొస్తారు. "పోయినోడు ఎట్టాగూ పోయాడు, తిరిగొస్తాడా? ఎవరికైనా ఒకరోజు తప్పదు గదా. కేసులని తిరిగితే ఉన్నోళ్ళ బతుకు పాడు. ఎంతో కొంత ఇప్పిస్తాం, రాజీ పడండి" అంటారు. చూశారా, అందరికీ వచ్చే చావుని అడ్డం పెట్టి, ఒకడు చంపిన చావుని కప్పెడతారు. ఈ రెండు చావులూ ఒకటి కావు. ఈ తేడా పట్టుకోకపోతే మనం ఏ మీటింగు పెట్టుకున్నా దండగే.

చావు దగ్గర అందరూ సమానమే అంటారు. హరిశ్చంద్ర నాటకం మన పల్లెల్లో తెల్లవార్లూ ఆడేవాళ్ళు. కాటి సీనులో జాషువా గారి శ్మశానవాటి పద్యాలు పాడితే జనం వన్స్ మోర్ కొట్టేవాళ్ళు. ఆ పద్యాలు రాసినాయన మనవాడే, వినుకొండలో 1895లో పుట్టినవాడు. ఆ సీనులో జనం దేనికి ఏడుస్తారు? రాజు కాటికాపరి అయ్యాడని. బాగానే ఉంది. మరి ఆ రాజుని కొనుక్కున్న వీరబాహుడున్నాడు గదా, వాడిదీ వాడి తాతలదీ పుట్టుకతోనే కాటి పని. వాడి కోసం ఒక్క కన్నీటి బొట్టన్నా కార్చిన ప్రేక్షకుడున్నాడా? హరిశ్చంద్రుడి కష్టం కొన్నాళ్ళ కష్టం, చివర్లో దేవతలు దిగొచ్చి తీర్చేశారు. వీరబాహుడి ఇంటికి ఏ దేవతా దిగలేదు.

ఇక బాబాసాహెబ్ ఏం చెప్పాడో చూద్దాం. బుద్ధుడు ఇల్లు ఎందుకు వదిలాడు అంటే, ముసలివాణ్ణి, రోగిని, శవాన్ని చూసి మనసు విరిగి వదిలాడని చిన్నప్పుడు వాచకంలో చదువుకున్నాం. బాబాసాహెబ్ ఈ కథ ఒప్పుకోలేదు. తన 'బుద్ధుడు, ఆయన ధమ్మం' అనే పుస్తకంలో సూటిగా అడిగాడు: ఇరవై తొమ్మిదేళ్ళ మనిషి అప్పటిదాకా ఒక్క శవాన్నీ చూడలేదంటే నమ్మే మాటేనా?

మరి ఎందుకు వదిలాడు? నీళ్ళ తగాదా. శాక్యుల పొలాలకీ కోలియుల పొలాలకీ రోహిణి నది ఒక్కటే దిక్కు. ముందు ఎవరి పొలం తడవాలి అనే కాడ కొట్టుకున్నారు. శాక్యుల సంఘం యుద్ధం అంది. సిద్ధార్థుడు కాదన్నాడు, ఓటులో ఓడిపోయాడు. సంఘం మాట కాదంటే ఏం చేస్తారో సేనాపతి చెప్పాడు. ఉరి తీయొచ్చు, దేశం నుంచి వెళ్ళగొట్టొచ్చు. దానికి కోసల రాజు ఒప్పుకోకపోతే కుటుంబాన్ని వెలివేసి భూములు లాక్కోవచ్చు. వెలి అంటే ఏంటో మన అక్కలకి చెప్పక్కర్లేదు. కిరాణాకొట్లో ఉప్పు అమ్మరు, పొలం పనికి పిలవరు. నా వాళ్ళని వెలివేయకండి, శిక్ష నాకే వేయండి అని సిద్ధార్థుడు తనంతట తానే ఇల్లు విడిచిపోయాడు. అంబేద్కర్ బుద్ధుడు చావుకి భయపడి అడవికి పోయినవాడు కాదు. మనుషులు ఒకళ్ళనొకళ్ళు చంపుకోవడం ఎందుకు, ఈ దుఃఖం ఎక్కణ్ణుంచి పుడుతోంది అని వెతుక్కుంటూ పోయినవాడు.

కిసాగోతమి కథ కూడా వినే ఉంటారు. బిడ్డ చచ్చిపోతే శవాన్ని చంకనేసుకుని మందివ్వమని బుద్ధుడి దగ్గరికి వచ్చింది. ఎవరూ చావని ఇంట్లోంచి గుప్పెడు ఆవాలు తెమ్మన్నాడు. ఇల్లిల్లూ తిరిగింది, చావు లేని ఇల్లు దొరకలేదు, బిడ్డని సాగనంపింది. చాలా గొప్ప కథ. కాకపోతే మాకొక సందేహం. ఆ తల్లి మన పేట తల్లయితే, ఆవాలు అడగడానికి ఏ గడప ఎక్కనిచ్చేవాళ్ళు? దుఃఖం అందరిదీ ఒకటే అని తెలుసుకోడానికైనా ముందు పక్కవాడి గుమ్మం దాకా పోనివ్వాలి గదా. బుద్ధుడు మాత్రం ఆ గుమ్మాలు తెరిచాడు. మంగలి ఉపాలినీ పాకీపని చేసిన సునీతుణ్ణీ సంఘంలోకి తీసుకున్నాడు. చివరాఖరి కూడు తిన్నది కూడా కమ్మరి చుందుడి ఇంట్లోనే. ఆ తిండి తిన్నాక జబ్బు ముదిరింది. అయినా చుందుణ్ణి ఎవరూ తప్పు పట్టకూడదనీ, వాడు బాధపడకూడదనీ ఆనందుడికి చెప్పి మరీ పోయాడు. ప్రాణం పోతున్నప్పుడు కూడా ఒక పనివాడి పరువు గురించి ఆలోచించాడన్నమాట!

బాబాసాహెబ్ ఇంట్లో చావులు తక్కువా? నలుగురు పిల్లల్ని పసితనంలోనే మట్టిలో పెట్టుకున్నాడు. చివరివాడు రాజరత్నం 1926 జూలైలో పోయాడు. రమాబాయీ ఆయనా ఎంత కుమిలిపోయి ఉంటారో పిల్లలు పోయిన తల్లులు ఇక్కడే ఉన్నారు, మీకే తెలుస్తుంది. ఆ దుఃఖం తీరిందా? తీరలేదు. ఎనిమిది నెలలు తిరిగేసరికి, 1927 మార్చి 20న, మహద్ చౌదార్ చెరువులో దిగి దోసిలితో నీళ్ళు తాగాడు. వెనక వేలమంది తాగారు. 1935 మే నెలలో రమాబాయి పోయింది. అదే ఏడాది అక్టోబరు 13న యేవలా సభలో హిందువుగా చావనని ప్రకటించాడు. ఎట్టా పుట్టాలన్నది మన చేతిలో లేదు, ఏమై చావాలన్నది మాత్రం మన చేతిలో ఉంది అన్నదే ఆ మాట అర్థం. ఆ మాట నిలబెట్టుకోడానికి 21 ఏళ్ళు పట్టింది. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో లక్షలమందితో కలిసి బౌద్ధం తీసుకున్నాడు. అప్పటికే షుగరు, కాళ్ళ నొప్పులు, ఒకళ్ళ భుజం మీద చెయ్యి వేస్తేగానీ నడవలేడు. తర్వాత బతికింది 53 రోజులు. డిసెంబరు 5 రాత్రి కూడా ఆ బుద్ధుడి పుస్తకానికి ముందుమాట కాగితాలు దగ్గర పెట్టించుకున్నాడు. తెల్లారి చూస్తే లేడు. పుస్తకం 1957లో వచ్చింది, ఆయన అచ్చులో చూసుకోలేదు.

చావుతో అన్నీ అయిపోతాయి గదా, ఎందుకీ తాపత్రయం అనుకుంటే ఆ రాత్రి ఆ కాగితాలు అడిగేవాడా? ఇంకో జన్మ ఉంది, అప్పుడు రాసుకుందాం అనుకున్నా అడిగేవాడు కాదు. ఆత్మ మళ్ళీ మళ్ళీ పుడుతుందని ఆయన నమ్మలేదు. ఇక్కడ కొంచెం ఆగి ఆలోచించండి. కర్మ సిద్ధాంతం మనకిచ్చింది ఏంటి? ఒక ప్రాంసరీ నోటు. ఈ జన్మలో వెట్టి చెయ్యి, కూలీ వచ్చే జన్మలో ముడుతుంది! ఆ నోటు చెల్లించిన షావుకారు ఇంతవరకు ఒక్కడూ లేడు. బతుకు ఒక్కటే అయితే మాత్రం లెక్క మారిపోతుంది. మన అమ్మ దొర వాకిట్లో ఊడ్చిన పొద్దు, మన తమ్ముడు బడికి పోకుండా పశువులు కాసిన ఏడాది, ఇవి మళ్ళీ రావు. ఎవరో ఎత్తుకుపోయారు. అందుకే మనకి అంత కోపం. చావు ఉందని తెలిసినవాడికే ఒక రోజు విలువ తెలుస్తుంది, ఆ రోజుని ఎవడు లాక్కుంటున్నాడో కూడా తెలుస్తుంది. మన పేటల్లో చాలామంది చర్చికి పోతారు, పరలోకం ఉందని నమ్ముతారు. అది వాళ్ళ ఇష్టం, మేం కాదనం. పరలోకానికి పోయేలోపు ఈ లోకంలో కూలీ రేటు అడగొద్దని మాత్రం ఎవరూ చెప్పకూడదు.

కారంచేడు ఎట్టా మొదలైంది? అదీ నీళ్ళే. మంచినీళ్ళ చెరువు దగ్గర గేదెల బకెట్టు కడగొద్దన్నారు. కొట్టడానికొస్తే ఒక ఆడపిల్ల బిందె ఎత్తింది. 1985 జూలై 17న ఆరుగుర్ని చంపారు. మిగిలినవాళ్ళు చీరాల వచ్చి పడ్డారు, రాజీకి రాలేదు, ఆ ఊరు తిరిగి పోలేదు. దళిత మహాసభ అక్కణ్ణుంచే పుట్టింది. సుప్రీంకోర్టు తీర్పు వచ్చేసరికి 2008 డిసెంబరు అయ్యింది. చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిదిమంది. ఆ శవాల్ని ఊరి బయటికి మోసుకుపోలేదు మనవాళ్ళు, ఊరి నడిమధ్యన పాతిపెట్టారు. రక్తక్షేత్రం అని పేరు పెట్టారు. బతికుండగా ఊళ్ళోకి రానివ్వనివాళ్ళని చచ్చాక ఊరి నడిబొడ్డున పడుకోబెట్టారు! కోర్టుని కూడా ఆ ఊరికే రప్పించారు. 2007 జూలై 31న 21 మందికి యావజ్జీవం పడింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందర్నీ వదిలేసింది. గెలిచామని అబద్ధం చెప్పం. ఆ కేసు వెంట నిలబడ్డ బొజ్జా తారకం గారు 2016 సెప్టెంబరులో పోయారు. ఆయన రాసిన వాదనలు, ఆ అమ్మలు చెప్పిన సాక్ష్యాలు ఇవాళ కుర్ర లాయర్లు చదువుకుంటున్నారు.

ఒక మాట కుర్రాళ్ళకి. అమరుల పాటలు పాడి పాడి, చావడమే గొప్ప అని మీకు అనిపిస్తే అది మా పాట లోపం. యూనివర్సిటీల్లో మన పిల్లలు ప్రాణం తీసుకుంటున్నారు. 2016 జనవరి 17న రోహిత్ వేములని పోగొట్టుకున్నాం. దేశమంతా కదిలింది నిజమే, కానీ ఆ పిల్లాడు ఉండుంటే ఎంత బాగుండేది! అవమానం భరించలేనప్పుడు గది తలుపు వేసుకోకండి. అర్ధరాత్రయినా సరే, మా తలుపు కొట్టండి. అన్నం తిందురుగాని, మాట్లాడుకుందాం. గోడమీద మీ ఫోటో మాకు అక్కర్లేదు, మీరు కావాలి.

ఇప్పుడు మన పేట సంగతి. మన శ్మశానానికి దారి లేదు. ఇద్దరు పక్కపక్కన నడవలేని గట్టు మీద నలుగురు పాడె ఎట్టా మోస్తారు? నాట్ల కాలంలో మోకాలి లోతు బురదలో దిగి మోస్తున్నాం. శ్మశానం స్థలం కూడా ఏటా ఒక సాలు చొప్పున పక్క పొలంలో కలుస్తోంది. సర్వే చేయించి, హద్దు రాళ్ళు పాతించి, దారి ఇవ్వమని తహసీల్దారుకి అర్జీ రాశాం. నాయనమ్మలూ, మీరు చచ్చాక దేనికిలే అనకండి, మిమ్మల్ని మోసేది మేమే! కాగితం ఆ బల్ల మీద ఉంది. సంతకం వచ్చినవాళ్ళు సంతకం పెట్టండి, రానివాళ్ళు వేలిముద్ర వేయండి. సోమవారం పొద్దున తొమ్మిదింటికి అందరం కలిసి ఆఫీసుకి పోదాం, సద్ది కట్టుకుని రండి. డప్పులు కూడా తీసుకురండి.

జై భీమ్!