ఫిల్మ్ కెమెరాకి తక్కువ ఖర్చులో ఏ ఫ్లాష్? సిరిసిల్ల సాంచాల షెడ్డులో పాడైన ఒక రోల్ కథ

ఇవాళ ఎపిసోడ్ ఒక పాడైపోయిన రోల్‌తో మొదలుపెడదాం. స్క్రీన్ మీద ఈ నెగటివ్ స్ట్రిప్ చూడండి. ప్రతి ఫ్రేమ్‌లో ఒక పక్క అసలు ఏమీ పడలేదు, ప్రింట్ వేస్తే అంతా నల్లగా. ఒకటి కాదు, వరుసగా పదకొండు ఫ్రేములు. ల్యాబ్ తప్పు కాదు, ఫిల్మ్ తప్పు కాదు. బీటెక్ చదివి, నాలుగేళ్ళు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి, ఇప్పుడు మీకు కెమెరాల గురించి చెప్తున్న నా తప్పు.

సంగతి ఏంటంటే, మాది కోరుట్ల. మా మేనమామది సిరిసిల్ల. ఆయనకి ఎనిమిది సాంచాలు. బయటివాళ్ళ కోసం చెప్తున్నా, మరమగ్గాలని సిరిసిల్లలో సాంచాలు అంటారు. మామ ఆసామి, అంటే సేటు దగ్గర నూలు తెచ్చుకొని, గుడ్డ నేసి, కూలి లెక్కన తిరిగి ఇచ్చేవాడు. చిన్నప్పుడు భివండి పోయి పని నేర్చుకొని వచ్చిండు. ఇప్పుడు మోకాళ్ళు సహకరిస్తలేవు, కొడుకు గల్ఫ్‌లో ఉన్నాడు, సాంచాలు తుక్కు కింద అమ్మేస్తా అన్నాడు. నాకు ఫోన్ చేసి ఒకటే అడిగిండు: "అల్లుడా, అవి పోయేలోపు వాటితోని నన్నొక ఫోటో దింపు. సెల్‌ఫోన్ల కాదు, మీ బాపు కెమెరాల."

మా బాపు కెమెరా అంటే పెంటాక్స్ కె1000. మస్కట్ నుంచి తెచ్చిండు. ఇది 1976 నుంచి 1997 దాకా తయారైన మోడల్, బ్యాటరీ మీటర్‌కి మాత్రమే కావాలి, మిగతాదంతా స్ప్రింగులూ పళ్ళచక్రాలే. మంచి బండి. కానీ సాంచాల షెడ్డులో వెలుతురు మీకు తెలుసు కదా, నాలుగు ట్యూబ్‌లైట్లు, వాటిమీద దూది ధూళి. నా దగ్గర కోడాక్ గోల్డ్ 200. ఫ్లాష్ లేకుండా పని కాదు. ఫ్రెండ్ దగ్గర డిజిటల్ కెమెరాకి వాడే ఖరీదైన ఫ్లాష్ అడిగి తీసుకొని, షట్టర్ 1/125లో పెట్టి, చకచకా కొట్టేశా. చెయ్యి వణకొద్దని 1/125. అదే కొంప ముంచింది.

కె1000లో షట్టర్ అంటే రెండు గుడ్డ తెరలు. మొదటిది పక్కకి జరిగి ఫిల్మ్‌ని తెరుస్తుంది, రెండోది వెనకే వచ్చి మూస్తుంది. 1/60 దాకా మొదటి తెర పూర్తిగా తెరుచుకున్నాకే రెండోది బయలుదేరుతుంది. అంతకంటే స్పీడ్ పెంచితే మొదటిది చివరికి చేరకముందే రెండోది దారిలో ఉంటుంది. ఫ్లాష్ వెలిగే క్షణానికి ఫ్రేమ్‌లో కొంత అప్పటికే మూసుకుపోయింది. అందుకే ఆ నలుపు. దీన్ని సింక్ స్పీడ్ అంటారు. నికాన్ ఎఫ్ఎం10 అయితే 1/125, ఎఫ్ఎం2 తర్వాతి రకానికి 1/250. మీ కెమెరాది ఎంతో తెలుసుకోకుండా ఫ్లాష్ కొనకండి, కొన్నా వాడకండి. దానికంటే తక్కువ స్పీడ్ ఏదైనా పర్లేదు, అది గుర్తుంచుకోండి, మళ్ళీ పనికొస్తుంది.

రోల్ హైదరాబాద్ పోయి కడిగి వచ్చేసరికి వారం అయింది. మామకి చెప్పాలంటే సిగ్గేసింది. తుక్కు వాళ్ళు ఇంకో పది రోజుల్లో వస్తారు.

సరే, ఫ్లాష్ కొనాలి. మొదట ఒక షాపుకి పోయా, పేరు చెప్పను. "టీటీఎల్ తీసుకోండి సార్, ప్రో మోడల్" అని ఒకటే పోరు. ఆగండి. ఇప్పుడు వచ్చే టీటీఎల్ ఫ్లాషులు డిజిటల్ కెమెరాతో మాట్లాడటానికి చేసినవి. అసలు ఫోటోకి ముందు చిన్న మెరుపు మెరిసి, దాన్ని కెమెరా కొలిచి, లెక్క చెప్తుంది. కె1000కి ఆ భాష రాదు. దాని హాట్‌షూలో మధ్యన ఒకే పిన్ను, "వెలుగు" అనే ఒక్క మాటే చెప్తుంది. ఫిల్మ్‌లో కూడా టీటీఎల్ ఉంది, ఒలింపస్ ఓఎం-2, నికాన్ ఎఫ్ఈ2 లాంటివి ఫిల్మ్ మీద పడి వెనక్కొచ్చే వెలుతురుని కొలుస్తాయి. కానీ అది ఆ కాలపు ఫ్లాషులతోనే. ఈ రోజుల టీటీఎల్‌కి డబ్బులు పెట్టడమంటే ఎద్దుల బండికి పవర్ స్టీరింగ్ పెట్టించుకున్నట్టు.

అక్కడినుంచి జగిత్యాలలో ఒక పెద్దాయన దగ్గరికి పోయా. స్టుడియో మూసేసి చాలా ఏళ్ళయింది. బీరువా పైనుంచి వివిటార్ 283 తీసిండు. పాత పెళ్ళిళ్ళ ఫోటోల్లో వెనక గోడ మీద గట్టి నీడ పడుతుంది చూడండి, ఇలాంటి ఫ్లాషుల పనే అది. దీని ముందర చిన్న కన్ను ఉంటుంది, మనిషి మీద పడి తిరిగొచ్చే వెలుతురుని అదే కొలుచుకొని, చాలు అనుకోగానే ఆపేస్తుంది. ఆటో అంటే ఇదీ. తెలివి ఫ్లాష్‌లో ఉంది కాబట్టి ఏ కెమెరా అయినా ఒకటే. తెల్లచీర దగ్గర కొంచెం మోసపోతుంది, అంతే.

కానీ మల్టీమీటర్ పెట్టి చూశాం. రెడీ లైట్ వెలిగాక డీసీలో, షూ మధ్య పిన్నుకీ పక్క లోహానికీ మధ్య. 200 వోల్టులు దాటింది. పాత 283లలో ఇది మామూలే. కె1000లో స్విచ్ రెండు లోహపు ముక్కలు కలుసుకోవడమే, అది ఓర్చుకుంటుంది. అదే ఫ్లాష్‌ని మీ డిజిటల్ కెమెరా మీద పెట్టారో, లోపలి సర్క్యూట్ పోవచ్చు. పాతది కొంటే ఈ కొలత కొలవకుండా డబ్బులు ఇవ్వకండి. సెల్స్ కారిన తుప్పు ఉందా చూడండి. ఏళ్ళ తరబడి వాడకుండా ఉంటే కెపాసిటర్ మందగించి ఉంటుంది, సెల్స్ వేసి, ఛార్జ్ అయ్యాక కాసేపు అలాగే ఉంచి, నాలుగైదుసార్లు వెలిగిస్తే దారికొస్తుంది. విప్పి చూద్దాం అనుకోకండి, ఆఫ్‌లో ఉన్నా లోపల కొట్టే కరెంటు ఉంటుంది.

దానిమీద 120 అని రాసుంటుంది కదా అని అడుగుతారు. అది అడుగుల్లో గైడ్ నంబరు. మీటర్లలో 36. ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్ళు ఏది పెద్దదైతే అది రాస్తారు. కొత్త గోడాక్స్ టీటీ600కి 60 అంటారు, అది తల జూమ్ 200 దగ్గర పెట్టినప్పటి మాట. 50 లెన్స్‌కి తగ్గట్టు పెడితే అంత రాదు. మాన్యువల్‌లో పట్టిక ఉంటుంది, మీ లెన్స్ దగ్గర ఎంతో అది చూడండి.

గైడ్ నంబరుతో ఏం చేయాలో నేను నోట్‌బుక్ తీసి వివరించబోతే ఆ పెద్దాయన నవ్విండు. "తమ్మీ, గంత లెక్క దేనికి? నడిచి చూడు. ఐదు అడుగులేస్తే పదకొండు, ఏడేస్తే ఎనిమిది, పదేస్తే ఐదు పాయింట్ ఆరు. పెండ్లిల పెండ్లికొడుకు లెక్క చేసుకునేదాక ఆగుతడా?" ఇంటికొచ్చి లెక్క కట్టా. నేను కొందామనుకున్న ఫ్లాష్ గైడ్ నంబరు ఐఎస్ఓ 100కి 28. ఫిల్మ్ 200 కాబట్టి 1.4తో గుణిస్తే దాదాపు 40. దాన్ని దూరంతో భాగిస్తే ఎపర్చర్. ఐదు మీటర్లకి ఎఫ్/8, మూడున్నరకి ఎఫ్/11, ఏడుకి ఎఫ్/5.6. ఆయన అడుగు డెబ్బై సెంటీమీటర్లు అనుకుంటే సరిగ్గా అదే పట్టిక! నాలుగేళ్ళ కోడింగ్ ఆయన కాళ్ళ ముందు దండగ.

చివరికి కొత్త మాన్యువల్ ఫ్లాష్ కొన్నా. పేరు చెప్తే స్పాన్సర్ అనుకుంటారు కాబట్టి నేను చూసుకున్నవి చెప్తా. మధ్యన ఒకే పిన్ను ఉన్నా పనిచేయాలి. పవర్ సగం, పావు అని తగ్గించుకునే వీలుండాలి. తల పైకి తిరగాలి. డబుల్ ఏ సెల్స్ నాలుగు, ఛార్జ్ చేసుకునేవి. ఒక ముఖ్యమైన విషయం, కొత్త ఫ్లాషులు కాసేపటికి నిద్రపోతాయి. డిజిటల్ కెమెరా బటన్ సగం నొక్కితే లేస్తాయి, కె1000 లేపలేదు. మంచి ఫోటో ఒకటి చీకట్లో కలిసిపోతుంది. సెట్టింగ్స్‌లో ఆ నిద్ర ఆపేసే వీలుందో లేదో కొనే ముందే చూసుకోండి. ఇక సోనీ కోసం చేసిన రకాలు మాత్రం మనకొద్దు.

ఫిల్మ్ కొత్తగా మొదలుపెట్టి, ఇంట్లో పిల్లల్ని, పుట్టినరోజుల్ని తీయాలనుకునేవాళ్ళకి నేనైతే ఆటో ఉన్నదే చెప్తా, పాతదైనా సరే, వోల్టేజ్ చూసుకొని. నాలాగా కదలని మనిషి, ఆగి ఆలోచించే ఫోటో అయితే మాన్యువల్ చాలు.

రెండో రోల్‌తో వేములవాడ మీదుగా సిరిసిల్ల పోయా. అప్పటికి ఇంకా రెండే రోజులు. ఫ్లాష్‌ని పైకప్పుకి కొట్టి మెత్తటి వెలుతురు తెద్దామనుకున్నా, పైన రేకులు, మసి, ఏమీ తిరిగి రాదు. అత్తమ్మ చూసి, మడత పెట్టిన తెల్ల గుడ్డ తాను విప్పి రెండు స్తంభాలకి కట్టింది. మొదటి ఐదు ఫ్రేములు ఆ గుడ్డకి కొట్టి తీసినవే, మామ ముఖం చాలా బాగొచ్చింది. కానీ వెలుతురు చుట్టూ తిరిగి వస్తుంది కాబట్టి రెండు స్టాపులు పోతుంది, సాంచాలు కనబడవు. ఆయనకి కావాల్సింది సాంచాలు.

అప్పుడు ఇందాక చెప్పిన సంగతి గుర్తొచ్చింది, సింక్ కంటే తక్కువ స్పీడ్ ఏదైనా పర్లేదు. స్టాండ్ మీద పెట్టి, ఎఫ్/5.6, షట్టర్ 1/8. మామ మూడున్నర మీటర్లలో. ఫుల్ పవర్ ఏడు మీటర్లకి సరిపోతుంది, సగం దూరానికి పావు పవర్. ఫ్లాష్ మామని పట్టుకుంటుంది, మిగతా సమయంలో ట్యూబ్‌లైట్లు వెనకున్నవాటిని మెల్లగా నింపుతాయి. ఒక్క చిక్కు, సాంచాలు నడుస్తుంటే నేలంతా వణుకుతుంది, స్టాండ్‌తో సహా. "మామా, ఒక్క నిమిషం బంద్ చేయరాదూ" అన్నా. ఆయన ఒక్కొక్కటే ఆపుకుంటూ పోయిండు. ఎనిమిదోది ఆగాక షెడ్డులో ఆ నిశ్శబ్దం... నేను కూడా మాట్లాడలేదు. చెయ్యి మొదటి సాంచె మీద పెట్టి నిలబడ్డడు. మూడు ఫ్రేములు తీశా.

ప్రింట్ తీసుకొని పోయేసరికి షెడ్డు ఖాళీ. నేల మీద నూనె మరకలు, బోల్టుల గుంతలు. మామ ఫోటోని వాకిట్లోకి తెచ్చి, కళ్ళద్దాలు పెట్టుకొని, తన ముఖం చూసుకోలేదు. వేలితో లెక్కపెట్టిండు. మళ్ళీ లెక్కపెట్టిండు.

"ఐదే పడ్డయేంది అల్లుడా? అవతల మూడు ఏవి?"

పావు పవర్ మామ కోసం లెక్క కట్టింది. దూరం రెట్టింపయితే వెలుతురు నాలుగో వంతు అవుతుంది, ఆ మూలన ఉన్న ట్యూబ్‌లైట్ కాలిపోయి ఉంది, నేను చూసుకోలేదు. ఆ మూడింటి వెనక ఇంకో ఫ్లాష్, ఒక చిన్న స్లేవ్ ట్రిగ్గర్ పెట్టాల్సింది. ఆ ట్రిగ్గర్ ఎలా పనిచేస్తుందో వచ్చే ఎపిసోడ్‌లో చూపిస్తా, ఈసారి కోరుట్లలో మా ఇంట్లోనే.