జీర్ణము – గ్రహణము
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ఉపన్యాసము)



పసిబిడ్డకు పాలు పట్టిన పిమ్మట తల్లి ఆ బిడ్డ పొట్టను అరచేతితో నిమురుచు వాతాపి పేరు తలచుట తెలుగుటిండ్లలో ఎల్లరెరిగిన ముచ్చటయే. పొట్టేలై వండబడి, అతిథుల కడుపు చీల్చుకొని వెలికి వచ్చు రాక్షసుని అగస్త్యమహర్షి కడుపులోనే అరిగించుకొనెనని కథ. లోనికి పోయినది తన రూపముతో మరల లేచి రాకూడదని ఇందలి భావము. జీర్ణమనగా శిథిలమగుట. మాసి చినిగిన బట్టను జీర్ణవస్త్రమందురు. కూలిన గుడిని నిలుపుటను జీర్ణోద్ధరణమందురు. కావున తిన్నది శిథిలమగుటయే జీర్ణమని లోకమున వాడుక పడినది. అది సగము పని మాత్రమే. శిథిలమైనదానిని శరీరము తనదిగా పుచ్చుకొనుట మిగిలిన సగము. పూర్వ వైద్యులు దానికిని ఒక పేరు పెట్టియున్నారు – గ్రహణి, అనగా పట్టుకొనునది. చరకసంహిత చికిత్సాస్థానమున 15వ అధ్యాయము దాని పేరనే నడచినది. ఈ రెండవ సగము తెలియకపోవుటచే పసిప్రాణములు పోవుచున్నవి గనుక, నేటి ప్రసంగము దానియందే హెచ్చుగా నిలుచును.

అన్నము యొక్క ప్రయాణము నోటితో ఆరంభము. పండ్ల పని అందరెరిగినదే. ఉమ్మినీటి పని అంతగా ఎరుగరు. కూర కలుపని వట్టి అన్నము ఒక ముద్ద చాలసేపు నమలినచో తియ్యబడును. బియ్యపు పిండి పదార్థము ఉమ్మియందలి రసముచే చక్కెరగా మారుటకు మొదలిడుటయే ఇందుకు హేతువు. మ్రింగునప్పుడు గాలిగొట్టముపై ఒక చిన్న మూత వాలును. తినుచు మాటలాడువారికి పొలమారుట ఆ మూత అదను తప్పిన ఫలము. ఆపైన అన్నవాహిక, 10 అంగుళముల గొట్టము. అందులో ముద్ద తన బరువుచే జారిపడునని తలంతురు గాని, వెనుక కండరము బిగియుచు, ముందు కండరము సడలుచు దానిని నెట్టుకొని పోవును. తలక్రిందుగా నిలిచినవాడు సైతము మ్రింగగలడు. పరీక్షించి చూడ పనిలేదు.

పిమ్మటిది జీర్ణాశయము. జఠరాగ్ని యని పెద్దలనునది ఇచ్చటనే. వైశ్వానరుడు ప్రాణుల దేహమందుండి నాలుగు విధములైన అన్నమును పచనము చేయునని భగవద్గీత 15వ అధ్యాయమున కలదు. ఈ అగ్ని యెట్టిదో కంటితో చూచిన వైద్యుడొకడు అమెరికాలో నుండెను. 1822 జూను 6వ తేదీన మాకినాక్ ద్వీపమున అలెక్సిస్ సెయింట్ మార్టిన్ అను పడవకూలికి ప్రమాదవశమున తుపాకి దెబ్బ తగిలి కడుపునకు రంధ్రము పడినది. సైనిక వైద్యుడు విలియం బోమాంట్ చికిత్స చేయగా వాడు బ్రతికెను గాని రంధ్రము పూడలేదు. బోమాంట్ మాంసమును, రొట్టెను పట్టుదారమునకు కట్టి ఆ ద్వారమున లోనికి విడిచి, గంటగంటకు వెలికి లాగి చూచెడివాడు. తుదకు అందలి రసమునే సీసాలోనికి తీసి, మాంసము వేసి, ఒంటి వెచ్చదనమున ఉంచగా, కొంత ఆలస్యముగానైనను అచ్చటను మాంసము కరిగినది! అగ్ని యనగా మంట కాదు, రసమని తేలినది. అందలి ఆమ్లము హైడ్రోక్లోరికామ్లమని ఇంగ్లండులో విలియం ప్రౌట్ 1824లో తెలిపెను. బోమాంట్ తన గ్రంథమును 1833లో వెలువరించి కీర్తి గాంచెను. కడుపుకూటికై కడుపునే అద్దెకిచ్చిన ఆ కూలివానికి కీర్తి రాలేదు గాని ఆయుర్దాయము దక్కినది. వైద్యుడు 1853లో పోగా వాడు 1880 వరకు జీవించెను.

అంతటి ఆమ్లము జీర్ణాశయమునే ఏల కరిగింపదనగా, లోపలి గోడకు జిగురు పొర యొకటి ఎడతెగక ఊరుచుండుటచేతనే. ఆ పొర చెడిన చోట పుండు పడును.

జీర్ణాశయము పిండిముద్దవలె చేసి విడిచిన ఆహారము చిన్నప్రేగున ప్రవేశించును. కాలేయమునుండి పైత్యరసము వచ్చి, సబ్బు జిడ్డును విడదీసినట్లు, కొవ్వును సన్నని బొట్లుగా విడదీయును. క్లోమము నుండి వచ్చు రసము పిండిని, మాంసకృత్తును, కొవ్వును మూడింటిని ఛేదించును. ఇచ్చటితో జీర్ణము ముగియవచ్చినది, గ్రహణము మొదలైనది.

చిన్నప్రేగు పొడవు సుమారు 20 అడుగులని పాఠ్యపుస్తకముల లెక్క. బ్రతికియున్నవానిలో కండరముల బిగువుచే అంతకు తక్కువయే. అందు విశేషము పొడవు కాదు, లోపలి నేత. మఖమలు గుడ్డ మీది నూగువలె లెక్కకు మిక్కిలియైన చూషకములు లోగోడనంతటను లేచియుండును. ఆ మడతలన్నియు విప్పి పరచినచో టెన్నిసు ఆటస్థలమంత యగునని చాలకాలము వ్రాసిరి. 2014లో స్వీడను దేశపు పరిశోధకులు మరల కొలిచి, సుమారు 30 చదరపు మీటర్లే యని తగ్గించిరి. అనగా 36 చదరపు గజములు. తగ్గించినను పిడికెడు కడుపులో ఒక గది నేల ఇమిడియున్నదన్నమాట! ఈ పొర మూడు నాలుగు దినములకొకసారి పాతది రాలి క్రొత్తది మొలచును. మొలచుట ఆగినచో ఎంత తిన్నను ఒంటబట్టదు. భీమవరమున 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి సోదరులను బలిగొన్న సంగ్రహణి ఇట్టి వ్యాధియే. ఆ వ్యాధి రోగుల రక్తహీనతకు మందైన ఫోలికామ్లమును 1945 ప్రాంతమున అమెరికాలో సిద్ధపరచిన బృందమునకు నాయకుడు ఆ సుబ్బారావు గారే.

ఇక జమాఖర్చు చూడవలసియున్నది. పెద్దవాడు దినమునకు త్రాగునది, తిండితో పోవునది కలిపి సుమారు 2 లీటర్ల నీరు. దీనికి తోడు ఉమ్మి ఒకటిన్నర, జీర్ణాశయ రసము 2, పైత్యరసము అర, క్లోమరసము ఒకటిన్నర, ప్రేగుల రసము ఒకటిన్నర – వెరసి 9 లీటర్లు ప్రేగున జమ. ఇందు 7 లీటర్లు ఒంటినుండి వచ్చినవే. ఒంటిలోని రక్తమంతయు 5 లీటర్లని తలచినచో ఈ అప్పు ఎంత పెద్దదో తెలియును. చిన్నప్రేగు ఇందు ఏడున్నరకు పైగా వెనుకకు రాబట్టుకొనును. 5 అడుగుల పెద్దప్రేగు తక్కిన దానిలో లీటరుకు పైగా పీల్చుకొనును. వెలికి పోవునది గ్లాసెడు కూడ కాదు. ఇంత ఖచ్చితమైన ఆవర్జా ఏ కచేరిలోను ఉండదు.

కలరావంటి వ్యాధులలో తల్లక్రిందులగునది ఈ ఆవర్జాయే. కలరా క్రిమి విడుచు విషము ప్రేగుపొరనుండి ఉప్పును, నీటిని వెలికి పారించునని కలకత్తాలో శంభునాథ్ డే 1959లో నిరూపించెను. తీవ్రమైనచో పెద్దవానికి గంటకు ఒక లీటరు వరకు పోవును. మరణము నీరు, ఉప్పు ఒంట తరిగిపోవుటచే కలుగును. వట్టినీరు త్రాగించినను చాలినంత నిలువదు. ఐతే ప్రేగుపొరలో మరియొక ద్వారము కలదు. చక్కెరయు, ఉప్పును జతగా వచ్చినచో అది తెరచుకొనును. వాని వెంట నీరును లోనికి పోవును. ఈ జతను 1960లో రాబర్ట్ క్రేన్ అను శాస్త్రజ్ఞుడు సూచించెను. కలరా విషము ఈ ద్వారమును మూయజాలదు! గ్రహణి దెబ్బ తిన్నను చేయి చాచియే యుండునన్నమాట.

1968లో ఢాకాలో ఈ మార్గమున రోగులకు చికిత్స చేసి చూచిరి. 1971లో బంగ్లాదేశ్ యుద్ధమువలన సరిహద్దు దాటి వచ్చిన శరణార్థుల నడుమ, పశ్చిమ బెంగాలులోని బన్‌గావ్ వద్ద కలరా చెలరేగెను. నరమునకెక్కించు సెలైను అయిపోవచ్చెను. డాక్టరు దిలీప్ మహలనబీస్ ఉప్పు, సోడా, గ్లూకోజు పొట్లములుగా కట్టించి, పీపాలలో కలిపించి, రోగుల బంధువులచేతనే త్రాగించెను. నూటికి 30 వరకు పోవుచున్న ప్రాణములు, ఆ శిబిరమున నూటికి 4 కన్న తక్కువకు దిగినవి.

ఇంత తెలిసినను, ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కప్రకారము ఐదేండ్లలోపు పిల్లలు ఏటేట 4 లక్షలకు పైగా అతిసారముచే మరణించుచున్నారు. ఇందుకు తోడగునది ఇంటి పెద్దల మాట: ‘నీరిచ్చినచో విరేచనము హెచ్చును, ఆపుడు.’ లంఖణము పరమౌషధమను నానుడిని దీనికి సాక్ష్యము తెచ్చుట అన్యాయము. లంఖణము అజీర్తి చేసిన పెద్దవానికి చెప్పినది. ఒంటి నీరు ఓడిపోవుచున్న పసివానికి కాదు. ఆయుర్వేదము సైతము లంఖణానంతరము పేయ, విలేపి యని పలుచని జావనుండి క్రమముగా చిక్కని జావ పోయవలెనని చెప్పినదే. ఉప్పు వేసిన గంజి పోసిన పాతకాలపు అవ్వ క్రేన్ పేరు వినకయే ఆ ద్వారమును తట్టినది.

కావున బిడ్డకు నీళ్ళ విరేచనములైనచో ఆరోగ్య కేంద్రమున దొరకు ఓ.ఆర్.యస్. పొట్లమును, ఒక లీటరుకు చెప్పినది ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలోనే, మొత్తముగా కలుపవలెను. సగము నీటిలో కలిపినచో ఉప్పు మితిమీరి కీడు చేయును. పొట్లము దొరకనిచో లీటరు నీటికి తలగొట్టిన ఆరు టీచెంచాల చక్కెర, అర టీచెంచా ఉప్పు. రెండేండ్లలోపు బిడ్డకు విరేచనమైన ప్రతిసారి 50 మొదలు 100 మిల్లీలీటర్ల వరకు, చెంచాతో కొంచెము కొంచెముగా పోయవలెను. వాంతియైనచో పది నిమిషములు ఆగి, మరల మెల్లగా. తల్లిపాలు మానరాదు, తిను బిడ్డకు తిండి ఆపరాదు. జింకు మాత్రలు వైద్యుడు చెప్పిన మోతాదున 10 మొదలు 14 దినములు వేయవలెను. కండ్లు లోతుకు పోయినను, పొట్ట చర్మము గిల్లి విడిచినప్పుడు మెల్లగా సర్దుకొన్నను, నెత్తురు పడినను, బిడ్డ త్రాగలేకున్నను తడవు చేయక ఆసుపత్రికి కొనిపోవలెను; త్రాగగల బిడ్డకు దారిపొడవున కూడ చెంచాతో పోయుచుండవలెను. కలిపిన నీరు 24 గంటలకు మించి నిలువయుంచరాదు. మిగిలినది పారబోసి, వేరొక పొట్లము విప్పవలెను.