మెదడులో ఇన్సులిన్‌కేం పని?

ఇన్సులిన్ అనగానే మనకు షుగర్ జబ్బే గుర్తొస్తుంది. మెదడుకు ఇన్సులిన్‌తో పనిలేదనే చాలాకాలం అనుకున్నారు. నాడీకణాలు గ్లూకోజును చాలావరకు దాని సాయం లేకుండానే తీసుకుంటాయి మరి. అయితే 1978లో ఎలుకల మెదడు నిండా ఇన్సులిన్ గ్రాహకాలు, అంటే దాని సంకేతాన్ని అందుకునే అణువులు, బయటపడ్డాయి. వాసన పసిగట్టేచోట, ఆకలిని అదుపుచేసే హైపోథాలమస్‌లో, జ్ఞాపకాలు నిలిపే హిప్పోక్యాంపస్‌లో అవి ఉన్నాయి.

2000లో శాస్త్రవేత్తలు చిట్టెలుకల నాడీకణాల్లో ఆ గ్రాహకాలు లేకుండా చేసి చూశారు. విచిత్రం, మెదడు మామూలుగానే ఎదిగింది! కానీ ఒంట్లో కొవ్వు పెరిగింది, ఆడవి ఎక్కువ తిన్నాయి, సంతానశక్తి తగ్గింది. మెదడు మామూలుగా ఎదగడానికి కారణం, ఆ ఎదుగుదల భారాన్ని ఎక్కువగా మోసేది ఇన్సులిన్‌కు తోబుట్టువులాంటి ఐజీఎఫ్-1 అనే హార్మోన్.

జ్ఞాపకాల చోటులోనూ ఇన్సులిన్ గ్రాహకాలున్నాయి కదా అని, ముక్కులో ఇన్సులిన్ చల్లి అల్జీమర్స్ మతిమరుపును తగ్గించాలన్న ఆశ 2020లో వెలువడిన పెద్ద పరీక్షలో ఫలించలేదు. ముక్కులో చల్లే ఇన్సులిన్ గురించిన ప్రచారాలు విని సొంతవైద్యానికి దిగకండి, డాక్టరునే అడగండి.